ఆ పిల్ల ఆగిన తొమ్మిది సెకన్లు

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పిల్లలూ ఫోన్ ఆటలూ అంటూ ఒక పేజీ నిండా వేశారు. కళ్లు పాడవుతాయి, నిద్ర పోతుంది, చదువు వెనకబడుతుంది అని అన్నీ రాశారు. అవి అబద్ధమని నేననను, రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి వచ్చి మొదటి పీరియడ్లోనే బెంచీ మీద తల వాల్చేసే పిల్లలు మా క్లాసులోనూ ఉన్నారు. కానీ ఆ పేజీ మొత్తం మీద ఒక్క సంగతి రాలేదు. పిల్లలు ఆట ఆడుతున్నంతసేపూ ఆ ఆట పిల్లల్ని చూస్తూ ఉంటుంది. చదువు నేర్పే ఆటలైతే మరీనూ. ఎక్కడ నొక్కారు, నొక్కేముందు ఎంతసేపు ఆగారు, ఏది పెట్టి ఏది తీసేశారు, అన్నీ రాసిపెట్టుకుంటుంది. పిల్లల బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి అది బంగారం లాంటి సమాచారం. నేను అడిగేది ఒక్కటే. ఆ సమాచారాన్ని ఎక్కడో ఉన్న కంపెనీ కాదు, మన తిరుపతి యూనివర్సిటీల వాళ్లు చదవాలి, అమ్మానాన్నలకి తెలుగులో విడమరిచి చెప్పి, వాళ్లు సరేనంటేనే చదవాలి, తెలుసుకున్నదాన్ని మళ్లీ మా బడికొచ్చి మాకు చెప్పాలి.

ఎందుకింత పట్టుగా అంటున్నానో చెప్తాను.

నేను తిరుచానూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పోయినేడు ఆరో తరగతి పిల్లలకి ట్యాబులో భిన్నాల ఆట ఒకటి పెట్టాను. పెద్ద ఆటేమీ కాదు. రెండు భిన్నాలు కనిపిస్తాయి, ఏది పెద్దదో దాన్ని ఎంచుకుని 'సరే' నొక్కాలి, కరెక్టయితే కోతి ఒక కొమ్మ పైకెక్కుతుంది, తప్పయితే ఒక కొమ్మ దిగుతుంది. ఆట అయ్యాక టీచరుకి ఒక పట్టిక వస్తుంది. ఏ లెక్క తప్పు, ఏ లెక్క ఒప్పు, దేనికి ఎన్ని సెకన్లు పట్టింది, మధ్యలో జవాబు మార్చారా లేదా, అన్నీ అందులో ఉంటాయి. మొదటి నెల నేను ఆ సెకన్ల వరుస వైపు చూడనే లేదు. తప్పులూ ఒప్పులూ లెక్కపెట్టి మార్కులు వేసేశాను, ఏళ్ల తరబడి పేపర్లు దిద్దిన చెయ్యి కదా.

ఒక సాయంత్రం ఆ పట్టిక మళ్లీ చూస్తుంటే పక్కపక్కనే ఇద్దరి పేర్లు కనబడ్డాయి. ఇద్దరికీ 20కి 11. ఇద్దరూ 1/3, 1/4 లలో 1/4 పెద్దదని పెట్టారు. మార్కులు చూస్తే ఇద్దరూ ఒకటే. కానీ పిల్లవాడికి ఆ లెక్కకి ఒక్క సెకను పట్టింది, ఆడపిల్లకి తొమ్మిది సెకన్లు. అదీకాక ఆ పిల్ల ముందు 1/3 ఎంచుకుంది, తర్వాత మార్చుకుని 1/4 పెట్టి 'సరే' నొక్కింది. ఆ తొమ్మిది సెకన్లలో ఏం జరిగిందో అని నాకు రాత్రంతా అదే ఆలోచన.

పొద్దున్నే అడిగాను, "ఏమ్మా, ముందు సరిగ్గానే పెట్టినావు కదా, ఎందుకు మార్చినావు?" అని. కాసేపు నేల చూపులు చూసి చెప్పింది. "మా అమ్మ పూలమాల మూడు ముక్కలు చేస్తే పెద్ద ముక్కలొస్తాయి, నాలుగు చేస్తే చిన్నవొస్తాయి మేడమ్. అందుకే ఒకటి బై మూడు పెట్నా. మళ్ల నాలుగు పెద్దది కదా, లెక్కల్లో అట్ల కాదేమో అనుకున్యా."

వాళ్లమ్మ అమ్మవారి గుడి వీధిలో పూలమ్ముతుంది. సాయంత్రాలు ఈ పిల్ల అక్కడే కూర్చుంటుంది. మూర ముప్పై రూపాయలైతే రెండున్నర మూరలకి ఎంతమ్మా అంటే నోరు తెరిచేలోపు డెబ్బై అయిదు అంటుంది, వంద ఇస్తే చిల్లర పాతిక అని కూడా తనే చెప్పేస్తుంది. అదే లెక్క నోటుబుక్కులో 5/2 × 30 అని రాసిస్తే ఖాళీగా వదిలేసింది. తెలియక కాదు. తనకి వచ్చిన లెక్కకీ బళ్లో చెప్పే లెక్కకీ ఏ సంబంధమూ లేదని ఆ పిల్ల అనుకుంటోంది. ఆ పిల్లవాడి సంగతి వేరు, వాడికి అనుమానమే రాలేదు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి 1/4 పెద్దది అని వాడికి గట్టి నమ్మకం. వాడికి కాగితం మడిచి కత్తిరించి చూపించాలి. ఈ పిల్లకి ఆ అవసరమే లేదు, నువ్వు మొదట అనుకున్నదే రైటమ్మా అని ధైర్యం చెప్తే చాలు. రెండు రకాల తప్పులకి రెండు రకాల పాఠాలు చెప్పాలి. పరీక్ష పేపరు మీదయితే ఇద్దరికీ ఒకే ఎర్ర ఇంటూ పడేది, ఇన్నేళ్లలో అలాంటి ఇంటూలు నేనెన్ని పెట్టానో తలుచుకుంటే మనసు బాధేస్తుంది.

ఈ విషయం మీద పెద్దపెద్దవాళ్లు పని చేశారని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆర్థిక శాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ, ఇంకొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో నేచర్ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. బేరం లెక్కలు నోటితో టకటకా చెప్పే పిల్లలు అదే లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. మార్కెట్లో పనిచేయని బడి పిల్లలకేమో బేరం లెక్కలు రాలేదు. అది చదువుతుంటే మా పూలమ్మాయే కళ్ల ముందు నిలబడింది.

ఆట పెట్టేస్తే అన్నీ వచ్చేస్తాయని కూడా నేననడం లేదు. వాళ్లలోనే కొందరు అంతకుముందు ఢిల్లీలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ నడిపే 214 ప్రీస్కూళ్లలో అయిదేళ్ల వయసు పిల్లలు 1,540 మందితో నాలుగు నెలల పాటు అంకెల ఆటలూ ఆకారాల ఆటలూ ఆడించి చూశారు. అవి ట్యాబు ఆటలు కావు, కార్డులూ బోర్డులూ. 2017లో ఆ ఫలితం సైన్స్ అనే పత్రికలో వచ్చింది. ఏది ఎక్కువ ఏది తక్కువ అని చూడగానే పోల్చుకునే నేర్పు పిల్లల్లో పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతి లెక్కల్లో మాత్రం ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే ముందుకు పోలేదు. అనుకున్నది జరగలేదని దాచకుండా రాశారు చూడండి, పరిశోధన అంటే అదీ. మెదడుకి పదును పెడతామని ప్రకటనలిచ్చి ఆటలమ్మిన లుమోసిటీ అనే కంపెనీ చేత 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టించుకుంది, ఆధారం లేకుండా జనాన్ని నమ్మించినందుకు. మన ఊళ్లో గోడల మీద కూడా అలాంటి మాటలు బాగానే కనిపిస్తున్నాయి.

అసలు ఆటతో మనసుని చదవడం కొత్తేమీ కాదు. 1980లలోనే అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రం వాళ్లు స్పేస్ ఫోర్ట్రెస్ అని ఒక వీడియో గేమ్ తయారుచేశారు. మనిషి కష్టమైన పని ఎలా నేర్చుకుంటాడో చూడ్డానికే అది పుట్టింది. ఇజ్రాయెల్ వాయుసేనలో చేరిన కుర్రాళ్లకి పది గంటలు ఆ ఆట నేర్పితే, ఆడని వాళ్ల కంటే విమానం బాగా నడిపారని 1994లో వచ్చిన పరిశోధనలో తేలింది. 2016లో సీ హీరో క్వెస్ట్ అని ఒక ఫోన్ ఆట వచ్చింది, పడవ నడుపుకుంటూ దారి గుర్తుపెట్టుకుని పోవాలి. మతిమరుపు జబ్బు మీద పరిశోధన కోసం లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లూ తోటివాళ్లూ చేయించింది. 40 లక్షల మందికి పైగా ఆడారు. ఏ ల్యాబు అంతమందిని పిలిచి కూర్చోబెట్టగలదు? అందులో 38 దేశాలకి చెందిన సుమారు 4 లక్షల మంది ఆట చూసి 2022లో చెప్పిందేమిటంటే, చిన్నప్పుడు పట్నం బయట పెరిగినవాళ్లకి దారి కనుక్కునే నేర్పు ఎక్కువ, గళ్లగళ్లుగా తిన్నటి వీధులున్న నగరాల్లో పెరిగినవాళ్లకి తక్కువ. మామిడి తోటల్లో గట్ల మీద నడిచి బడికొచ్చే మా పిల్లలకీ, గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో పెరిగిన పిల్లలకీ తేడా ఉంటుందా అని ఎవరైనా చూస్తే బాగుండునని నాకు భలే కోరికగా ఉంది.

లెక్కల దగ్గరికి వస్తే నాకు బాగా నచ్చింది నెదర్లాండ్స్ వాళ్లది. 2007లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో హాన్ వాన్ డెర్ మాస్ అనే ప్రొఫెసరు బృందం మొదలుపెట్టింది, లెక్కల తోట అని దాని పేరు. పిల్ల లెక్క చేస్తే తోటలో మొక్క పెరుగుతుంది. లెక్క కనబడగానే కింద కొన్ని నాణేలుంటాయి, సెకనుకొకటి చొప్పున మాయమైపోతుంటాయి. కరెక్టయితే మిగిలిన నాణేలు పిల్లవి, తప్పయితే అన్ని నాణేలూ పిల్ల దాచుకున్నవాటిలోంచి పోతాయి. అంటే తెలియకపోతే గబుక్కున ఏదో ఒకటి నొక్కితే ఎక్కువ నష్టం, తెలిసి తొందరగా చెప్తే ఎక్కువ లాభం. చదరంగంలో మన కోనేరు హంపికి రేటింగు, అంటే ఆట బలం చెప్పే అంకె, ఉన్నట్టే ఆ తోటలో ప్రతి పిల్లకీ ఒక రేటింగుంటుంది, ఇంకా అందమైన సంగతేంటంటే ప్రతి లెక్కకీ ఒక రేటింగుంటుంది. పిల్ల గెలిస్తే లెక్క ఓడినట్టు. నాలుగింటిలో మూడు చేయగలిగేంత కష్టమున్న లెక్కలే ఆ పిల్లకి వస్తాయి, అందుకని వెనకబడ్డ పిల్ల కూడా రోజూ గెలుస్తూనే ఉంటుంది, ఏడుపుండదు. అక్కడ పరిశోధకులకి ఏ లెక్క దగ్గర పిల్లలు తడబడతారో, ఆ తడబాటు ఎన్ని వారాలకి పోతుందో, ఏళ్ల తరబడి రోజురోజుకీ కనిపిస్తుంది. ఏడాదికోసారి పెట్టే పరీక్షలో అది ఎక్కడ దొరుకుతుంది? పైగా పరీక్ష అనగానే చేతులు చల్లబడి వచ్చింది కూడా మర్చిపోయే పిల్లలుంటారు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో వాలెరీ ష్యూట్ అనే ప్రొఫెసరు, పిల్లలకి పరీక్ష రాస్తున్న టెన్షనే లేకుండా ఆటలోనే వాళ్లకి ఏమొచ్చో కనిపెట్టే పద్ధతి మీద ఎన్నో ఏళ్లుగా పనిచేశారు. వాళ్ల ఆటలో గీతలు గీసి బంతిని బెలూన్ దాకా పంపాలి, గీసిన గీతను బట్టి పిల్లకి భౌతిక శాస్త్రం ఎంత అర్థమైందో చెప్పేస్తారు.

ఇదంతా చదివాక నాకు కలిగిన బాధ ఏంటంటే, ఢిల్లీ, కోల్‌కతా పిల్లలున్నారు గానీ ఈ పరిశోధనల్లో మన తెలుగు బళ్ల పిల్లలు లేరు. మనస్తత్వ శాస్త్రం పెద్ద పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాల వాళ్లని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఎత్తిచూపారు. వాళ్ల పిల్లల్ని చూసి రాసింది మన పిల్లలకి సరిపోతుందని ఎలా అనుకుంటాం? ఒక్క ఉదాహరణ చెప్తాను. మనం పావు, అర, ముప్పావు అంటాం, ఒకటింబావు అంటాం, రెండున్నర అంటాం, మా అవ్వ వీసం కూడా అనేది, అది పదహారో వంతు. ఇంగ్లీషులో ఒకటింబావుకి ఒక్క మాటలో సరిపోయే పదం లేదు. మా పిల్లలు ఇంట్లో ఒకటింబావు కిలో టమాటాలు తెచ్చి, బళ్లో వన్ అండ్ వన్ ఫోర్త్ అని చదువుతారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. మరి భిన్నాల ఆటలో 5/4 అని కాక ఒకటింబావు అని గొంతుతో చెప్పిస్తే పిల్లలు తొందరగా పోల్చుకుంటారా? ఆ తొమ్మిది సెకన్లు నాలుగవుతాయా? ఈ ప్రశ్న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరికీ రాదు, రావాల్సిన అవసరమూ లేదు. తిరుపతిలో రావాలి. 1954 నుంచి ఇక్కడ శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఉంది, అందులో సైకాలజీ డిపార్ట్‌మెంటుంది, 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, 2015లో ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ రెండూ వచ్చాయి. ఆట తయారుచేయగలిగే పిల్లలు ఒక చోట, మనసు గురించి చదివే పిల్లలు ఇంకో చోట, బస్సెక్కితే ఒకరినొకరు కలుసుకునే దూరంలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి వాళ్లు ఏనాడో, అది చిత్తూరు జిల్లాగా ఉన్న రోజుల్లోనే, పల్లె బడుల కోసం బొమ్మల కార్డులతో మెట్టుమెట్టుగా, ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే పద్ధతి తయారుచేస్తే పక్కన తమిళనాడు ప్రభుత్వం ఆ దారి తీసుకుంది. ఈ నేలకి ఇలాంటి పని కొత్త కాదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి రాస్తాను. రెండేళ్ల కిందట ఒక బృందం మా బడికొచ్చింది. ఎవరన్నది ఇక్కడ అనవసరం. పిల్లల ఆలోచన మీద స్టడీ అన్నారు, ట్యాబులిచ్చారు, మూడు వారాలు ఆటలాడించారు, తీసుకెళ్లిపోయారు. వెళ్లేముందు తల్లిదండ్రుల సంతకాల కోసం మూడు పేజీల ఫారం ఇచ్చారు, మొత్తం ఇంగ్లీషులో. ఒక తల్లి ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "ఏమి రాసుండారు మేడమ్ దీంట్లో? సైకాలజీ అంట కదా, మా బిడ్డకి బుర్ర బాగలేదని ఏమైనా చెప్పినారా?" అని అడిగింది. గొంతు వణుకుతోంది. కాదమ్మా, బిడ్డ బాగుంది, ఎలా ఆలోచిస్తుందో చూస్తారంతే అని కూర్చోబెట్టి చెప్పాను, అప్పటికే తను సంతకం పెట్టేసింది. అర్థం కాకుండా పెట్టిన సంతకం ఒప్పుకోలు ఎలా అవుతుంది? ఆ తర్వాత ఏం కనిపెట్టారని రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మా పిల్లలు మూడు వారాల పాటు మనసుపెట్టి ఆడిన ఆట ఎవరి కంప్యూటర్లో ఉందో, ఎవరెవరు చూస్తున్నారో ఈరోజుకీ నాకు తెలియదు.

చెప్పకుండా జనం మనసు మీద ప్రయోగాలు చేస్తే ఏమవుతుందో లోకం చూసింది. ఫేస్‌బుక్ వాళ్లు 2012లో ఒక వారం పాటు దాదాపు 6 లక్షల 90 వేల మందికి కనిపించే పోస్టులు మార్చి వాళ్ల మూడ్ మారుతుందా అని చూసి 2014లో దాన్ని అచ్చువేస్తే ప్రపంచమంతా తిట్టిపోసింది. అక్కడున్నది ఎక్కువగా పెద్దవాళ్లు, ఇక్కడున్నది పదకొండేళ్ల పిల్లలు. 2023లో మన దేశం చేసుకున్న డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 18 ఏళ్లు నిండని వాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే మామూలుగా అమ్మానాన్నల అనుమతి ఉండాలి. అనుమతి అడిగే కాగితం ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో కావాలన్నా చదువుకునే వీలివ్వాలని కూడా అందులో ఉంది, తెలుగు ఆ షెడ్యూల్లోదే కదా. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నియమాలైతే ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా నీకిష్టమేనా అని అడగాలంటాయి. మా పిల్లల్ని ఎవరూ అడగలేదు.

సమాచారం విషయంలో ఇంకో చిక్కుంది, ఇది బడిలో ఉండేవాళ్లకి తప్ప తెలియదు. మా పూలమ్మాయి మార్కులు ఒక వారం ఉన్నట్టుండి బాగా పెరిగింది. ఏంటా అని చూస్తే అన్నీ రాత్రి తొమ్మిది తర్వాత ఆడినవే. ఇంట్లో వాళ్లన్న, ఇంటర్ చదువుతాడు, చెల్లెలి ట్యాబు తీసుకుని కోతిని చెట్టు చివరికెక్కించేశాడు. తిరుపతిలో కూర్చుని పట్టిక చూసేవాళ్లకి ఇది అద్భుతమైన ప్రగతి. ఇంకో పిల్లవాడు అసలు ప్రశ్న చదవడు, ముందు ఎడమది నొక్కుతాడు, తప్పయితే కుడిది నొక్కుతాడు, కోతి దిగినా ఎక్కినా వాడికి ఒకటే, ఎగరడం చూస్తే చాలు. అమెరికాలో ర్యాన్ బేకర్ 2004లోనే ఇలా లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్‌నే మోసం చేసే పిల్లల మీద పరిశోధన చేశారు, అలా చేసేవాళ్లు తక్కువ నేర్చుకుంటున్నారని చూపించారు. పాత ట్యాబయితే వేలు పెట్టిన తర్వాత స్క్రీను కదలడానికే కొంచెం టైమ్ పడుతుంది, అది పిల్ల ఆలోచించిన టైమ్ లెక్కలోకి పోతుంది. అందుకే అంటున్నాను, క్లాసులో ఉన్న టీచరుని కలుపుకోకుండా ఈ పని చేస్తే తప్పుడు లెక్కలే వస్తాయి. పిల్లని 'వీక్' అని ముద్ర వేయడానికి మాత్రం ఆ పట్టికని ఎవరూ, మేము టీచర్లం కూడా, వాడకూడదు.

ఖర్చు ఎక్కువేమీ కాదు. ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చింది, వాటిలో ఇంకా పనిచేసేవి ఉన్నాయి. ఆట తెలుగులో, పిల్లలకి తెలిసిన వస్తువులతో ఉండాలి, పూలమూర, బెల్లం ముక్క, బస్సు టిక్కెట్టు. పేర్లు తీసేసి నంబర్లు పెట్టాలి, సమాచారం యూనివర్సిటీ దాటి పోకూడదు, వద్దన్న తల్లి బిడ్డని పక్కన కూర్చోబెట్టకుండా అందరితో పాటు ఆడనిచ్చి రాసుకోవడం మాత్రం ఆపాలి. నెలకోసారి వచ్చి మాకు చెప్పాలి, ఇంగ్లీషు పేపరు అచ్చయ్యేదాకా ఆగకూడదు, అప్పటికి మా పిల్లలు పదో తరగతి దాటిపోతారు.

ఈ ఉత్తరం యూనివర్సిటీలో ఎవరైనా చదివితే వాళ్లకో మాట. మా బడిలో ఆరో తరగతిలో 34 మంది ఉన్నారు. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు నావే, హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, ఆయన సరేనన్నారు. తల్లిదండ్రుల్ని నేను పిలుస్తాను, సాయంత్రం ఆరు తర్వాతైతే పూల బేరం మొదలవుతుంది, అంతకుముందే రావాలి. మీరు ఒక పేజీలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో కాగితం రాసుకుని రండి. చదవలేని వాళ్లకి నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
తిరుచానూరు, తిరుపతి జిల్లా